పిల్లల ఎదుట ముద్దాయిగా నిలిచిన డాక్టరుగారు

మన తెలుగు బడులలో సంవత్సరానికి ఒకసారి స్వపరిపాలన దినము జరుపుతారు. ఆ రోజు ఒక పిల్ల అమ్మ చీర కట్టుకొని వచ్చి హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుంటుంది. ఒక కుర్రవాడు ఇన్‌షర్టు చేసుకొని లెక్కల మాస్టారు అవుతాడు. చూచేవారికి ముచ్చటగానే వుంటుంది. సాయంత్రము లాంగ్ బెల్ కొట్టగానే అంతా అయిపోతుంది, మరునాడు ఎవరి కుర్చీ వారిదే. మీరెప్పుడైనా గమనించారో లేదో గాని, ఆ ఒక్క పూట అధికారము చేతికి వచ్చిన పిల్లవాడు మొట్టమొదట చేసే పని బెత్తము ఝుళిపించడము. మనము వానికి చూపించిన అధికారము అదే గదా!

ఈ పనిని ఒక పూట ఆటగా కాక, సంవత్సరాల తరబడి దినదినము నడిపించిన ఒక పెద్దమనిషి వుండేవారు. పోలెండు దేశపు వార్సా పట్టణములో పిల్లల డాక్టరు. యానుష్ కోర్చాక్ అని లోకమంతా ఎరిగిన పేరు. చివరి దినమున తన పిల్లలను విడిచిపెట్టక వారితో కూడా మరణమునకు వెళ్ళిన మనిషిగా ఆయనను గూర్చి ప్రసంగాలలో మీరు వినే వుంటారు. ఆ చివరి దినమే అందరూ చెప్తారు. అంతకు ముందు ముప్ఫై ఏండ్లు ఆయన ఆ పిల్లలతో ఎట్లా బ్రదికారో చెప్పేవారు తక్కువ. అది చెప్పాలనే ఈ ప్రయత్నము.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. యూదుల కుటుంబము. జూలై 22న పుట్టారు గాని అది 1878లోనో 1879లోనో ఆయనకే తెలియదు. తండ్రి వకీలు అయివుండి కూడా కొడుకు జనన పత్రము సకాలములో తీసుకొనలేదు. అప్పటికి వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో వుండేది. ఇంట్లో మాట్లాడేది పోలిష్ భాష. తాము యూదులమనే సంగతి పిల్లవానికి ఐదేళ్ళ వరకు పెద్దగా తెలియనే తెలియదు.

తెలిసిన విధము ఆయన తన ముసలితనములో డైరీలో వ్రాసుకొన్నారు. పెంచుకొన్న కానరీ పిట్ట చచ్చిపోయింది. ఒక డబ్బాలో దూది పరచి దానిని పెరటిలో పాతిపెట్టి, పైన చెక్క సిలువ గుచ్చాలని పిల్లవాని కోరిక. పిట్టకు సిలువ పెట్టడము పాపమని పనిమనిషి వద్దన్నది. ఇంతలో కావలివాని కొడుకు వచ్చి, ఆ పిట్ట యూదుపిట్ట, నీవూ యూదుడవే, నేను క్రైస్తవుణ్ణి గనుక పరలోకానికి పోతాను, నీవు చీకటిలోకి పోతావు అని చెప్పాడట. అరవై ఏండ్లు దాటినా ఆ మాట ఆయన మరచిపోలేదు. సండే స్కూలు పిల్లలకు మనము చెప్పే మాటలు గేటు దాటి బయట ఏ పిల్లవాని మీద ఎట్లా పడతాయో గదా అని ఇది చదివిన నాడు నాకు గుండె కలుక్కుమన్నది.

బడిలో రష్యను భాష, రష్యను మాస్టర్లు. చిన్న తప్పుకు కూడా అందరి ఎదుట కొరడా దెబ్బలు. తోటి పిల్లవాణ్ణి పట్టుకొని కొట్టడము చూచి ఆయన వణికిపోయారు. ఇంటి దగ్గర తండ్రికి మతి చెడింది. ఆస్పత్రుల ఖర్చులకు ఆస్తి కరిగిపోయింది. 1896లో తండ్రి పోయేనాటికి కొడుకు ట్యూషన్లు చెప్పి తల్లినీ తోబుట్టువునూ పోషిస్తున్నాడు. ఆ తరువాత వైద్యవిద్యలో చేరాడు. 1898లో ఒక నాటకాల పోటీకి మారుపేరుతో వ్రాసి పంపాడు. పాత నవలలోనుండి తీసుకొన్న ఆ పేరే కోర్చాక్. అదే నిలిచిపోయింది.

1905లో డాక్టరు అయ్యారు. రష్యా జపాను యుద్ధమునకు సైన్యపు వైద్యునిగా వెళ్ళి వచ్చి, వార్సాలో యూదుల పిల్లల ఆస్పత్రిలో 1912 దాకా పనిచేశారు. ధనవంతుల దగ్గర గట్టిగానే ఫీజు పుచ్చుకొనేవారు. పేదల నేలమాళిగ ఇండ్లకు అర్ధరాత్రి పిలిచినా వెళ్ళేవారు. వారి దగ్గర నామమాత్రంగా కొద్ది చిల్లర మాత్రమే తీసుకొనేవారు. డబ్బు తీసుకొనని వైద్యుని వైద్యము పనిచెయ్యదని యూదుల పెద్దల నమ్మకమట!

పేరున్న డాక్టరు, పేరున్న రచయిత. ఇంకొక పదేండ్లు అట్లాగే వుంటే మేడలు కట్టేవారు. కాని పిల్లవాని జ్వరము తగ్గించి మళ్ళీ అదే చీకటి గదిలోకి, అదే దెబ్బలలోకి పంపడము వైద్యమా అన్న ప్రశ్న ఆయనను పట్టుకొన్నది.

దీనికి ముందే ఆయనకు ఒక పాఠము దొరికింది. పేద పిల్లలను వేసవిలో కొన్ని వారాలు పల్లెకు తీసుకొనిపోయే శిబిరాలుండేవి. 1904లోను 1907లోను ఆయన మిహలూఫ్కా శిబిరములో ముప్ఫైమంది మగపిల్లలకు పర్యవేక్షకునిగా వెళ్ళారు. ఆటవస్తువులు, కథలు, బాణసంచా, అన్నీ సిద్ధము చేసుకొని చాలా ఆశతో వెళ్ళారు. మొదటి రోజే అంతా తలక్రిందులయింది. ఎవరి మంచము ఎక్కడ, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నదానికే కొట్లాటలు. రాత్రి దీపము ఆర్పగానే ఈలలు, కేకలు. సహనము చచ్చి ఒక పిల్లవాణ్ణి చెవి పట్టుకొని లాగి, కుక్క తిరిగే వరండాలోకి నెట్టేస్తానని బెదిరించారు. తాను చిన్ననాట అసహ్యించుకొన్న మాస్టారు తనలోనే కూర్చొని వున్నాడని ఆ రాత్రి ఆయనకు తెలిసింది. దీనిని ఆయన దాచలేదు. తన పుస్తకములో తానే వ్రాసి అచ్చువేయించారు. మనలో ఎందరు మాస్టర్లు, ఎందరు వార్డెన్లు ఆ పని చెయ్యగలరు?

మరునాడో ఆ మరునాడో పిల్లలను అడవిలో ఖాళీ చోట కూర్చోబెట్టి మాట్లాడారు. పిల్లలకు చెప్పడము వేరు, పిల్లలతో మాట్లాడడము వేరు అని ఆ రోజు మొదటిసారి గ్రహించారు. మనమెట్లా వుండాలి అని కాదు, మీకేమి కావాలి, మీరేమి చెయ్యగలరు అని అడిగారు. ఆ శిబిరములోనే పిల్లలే న్యాయాధిపతులుగా కూర్చొని తగవులు తీర్చడము చిన్నగా మొదలయింది.

1912 అక్టోబరులో వార్సా క్రొఖ్మాల్నా వీధి 92వ నంబరులో యూదుల అనాథ పిల్లలకు కొత్తగా కట్టిన ఇంటిలోనికి ఆయన ప్రవేశించారు. ఆస్పత్రి వుద్యోగము వదిలేశారు. పెండ్లి చేసుకొనలేదు. పై అంతస్తులో ఒక చిన్న గది ఆయనకు చాలు. ఏడేండ్లు మొదలు పధ్నాలుగేండ్ల వరకు రమారమి నూరుమంది బాలబాలికలు. పగలు పట్టణములోని ప్రాథమిక పాఠశాలలకు వెళ్ళి వచ్చేవారు. మిగిలిన జీవితమంతా ఈ ఇంటిలోనే. ఇంటిని నిజముగా నడిపినది స్టెఫానియా విల్చిన్‌స్కా అనే అమ్మగారు. ఆయన పేరు లోకమంతా ప్రాకింది గాని, తెల్లవారగట్ల లేచి నూరుమంది సాక్స్ లెక్కపెట్టినది ఆమె. మన బోర్డింగులలో మేట్రనమ్మల సంగతి తెలిసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

మన పెద్దలలో అనేకులు నెల్లూరు, ఒంగోలు, కాకినాడ ప్రాంతాల మిషన్ బోర్డింగులలో అన్నము తిని అక్షరాలు నేర్చినవారు, లేదా అట్టివారి సంతానము. గంట కొడితే లేవడము, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే భోజనము. ఆ క్రమశిక్షణ వలననే మనము మనుష్యులమయ్యామని చెప్పుకొంటాము, అది అబద్ధము కూడా కాదు. కాని ఆ గంట ఎప్పుడు కొట్టాలో పిల్లలను ఎవరైనా అడిగారా? కూరలో పురుగు వస్తే చెప్పుకొనడానికి ఒక చోటు వుండేదా?

కోర్చాక్ గారు మొదట చేసినవి చాలా చిన్న పనులు. గోడకు ఒక నోటీసు బోర్డు వేశారు, పిల్లల చెయ్యి అందే ఎత్తులో. దాని మీద ఎవరైనా ఏదైనా వ్రాసి అంటించవచ్చు. ఒక ఉత్తరాల పెట్టె పెట్టారు. పరుగెత్తుకొచ్చి చొక్కా పట్టుకొని అడిగే పిల్లవాణ్ణి, కాగితము మీద వ్రాసి పెట్టెలో వెయ్యి, జవాబు ఇస్తాను అనేవారు. వ్రాసేటప్పుడు సగము కోపము చల్లారుతుంది, ఏది ముఖ్యమో తెలుస్తుంది, ఎదురుచూడడము అలవాటవుతుంది. వ్రాయడము రాని చిన్నవాడు వచ్చినవాని చేత వ్రాయించుకోవాలి. దొరికిన వస్తువులకు ఒక అద్దాల బీరువా. విరిగిన బొత్తాము గాని, రంగుదారము ముక్క గాని, పిల్లవాని ఆస్తి ఆస్తే, పెద్దలు చెత్త అని పారవేయరాదు.

ఇంటిపని అంతా పిల్లలు పంచుకొన్నారు. ఊడ్వడము, వడ్డించడము, గ్రంథాలయము, చిన్నపిల్లలకు చదువు చెప్పడము, అన్నిటికీ వంతులున్నాయి. చీపురుకట్టలు మెట్ల క్రింద చాటుగా కాక అందరికీ కనబడే గౌరవమైన చోట పెట్టించారు. కొత్తగా వచ్చిన పిల్లవానికి పాతవారిలో ఒకరు మూడు నెలలు సంరక్షకులు. ఆ సంరక్షకుడు మునుపు తానే పెద్ద అల్లరివాడు కావచ్చును. అట్టివానికే ఆ పని బాగా వచ్చేదట. కొట్టుకోవాలనుకొన్నవారు ఒక రోజు ముందుగా పేరు వ్రాయించుకొనవలెనని ఒక పట్టీ వుండేది. తెల్లవారేసరికి చాలా కొట్లాటలు వాటంతటవే రద్దయ్యేవి!

వీటన్నిటి పైన వున్నది పిల్లల న్యాయస్థానము. దీనిని గూర్చి కొంచెము వివరముగా చెప్పాలి.

ఎవని మీద ఎవరికి ఫిర్యాదు వున్నా బోర్డు మీద పట్టీలో పేరు వ్రాయాలి. వారానికి ఒకసారి కూటము. ఐదుగురు న్యాయాధిపతులు, అందరూ పిల్లలే. ఎన్నికలు కావు, చీట్లు వేసి తీసేవారు. ఆ వారములో తన మీద ఫిర్యాదు లేనివాడే చీటీలో వుండాలి. పెద్దవారిలో ఒకరు కార్యదర్శిగా సాక్ష్యాలు వ్రాసి చదువుతారు, అంతే, తీర్పులో వారికి ఓటు లేదు. తీర్పులకు కోర్చాక్ గారు ఒక చట్టము వ్రాశారు. అందులో 1 నుండి 99 వరకు సూత్రాలన్నీ క్షమాపణకు సంబంధించినవే. తెలియక చేశాడని ఒకటి, మళ్ళీ చేయడనే నమ్మకముతో ఒకటి, అసలు ఫిర్యాదే వ్యర్థమని ఒకటి, ఇట్లా. నూరవ సూత్రము దగ్గర తొలిసారి తప్పు చేశావన్న మాట వస్తుంది, శిక్ష మాత్రము లేదు. 200, 300, 400 అంటే చెడుగా చేశావు, ఇంకా చెడుగా చేశావు అన్న మాటలే. 500 దాటితే పేరు పత్రికలో చదువుతారు, బోర్డు మీద పెడతారు, ఇంటివారికి తెలియజేస్తారు. 1000వ సూత్రము ఇల్లు విడిచిపెట్టడము. ఆ పిల్లవాడు కూడా మూడు నెలల తరువాత తిరిగి చేర్చుకొమ్మని అడుగవచ్చు. కొట్టడము లేదు, అన్నము మాన్పించడము లేదు, గదిలో పెట్టి తాళము వేయడము లేదు. ఎక్కువ ఫిర్యాదులు నూరు లోపలనే ముగిసిపోయేవి.

క్షమాపణతో మొదలు పెట్టిన చట్టము! మన దగ్గర బైబిలు వున్నది, సిలువ వున్నది. అయినా మన బడులలో నియమాల కాగితము ఎక్కడ మొదలవుతుందో మనకు తెలుసును, జరిమానాతో.

ఇదంతా నున్నగా జరిగిపోయిందనుకోవద్దు. ఒకే వారములో వంద దాటి ఫిర్యాదులు వచ్చిన రోజులున్నాయి. నా వైపు చూచి నాలుక బయటపెట్టాడు, నా పెన్సిలు తాకాడు అని. పెద్ద కుర్రవాళ్ళు కొందరు న్యాయస్థానమును గేలి చేశారు. ఎన్ని చేసినా క్షమాపణే గదా, పోతే నూరు అన్న ధీమా వారికి. చిన్న జడ్జీలను బెదిరించినవారున్నారు, పక్షపాతము చూపిన జడ్జీలున్నారు. ఒక దశలో కోర్చాక్ గారు విసిగిపోయి కొన్ని వారాలు న్యాయస్థానమును మూసివేశారు. మూసిన తరువాత ఇంటిలో ఏమి తగ్గింది, ఏమి పెరిగింది అని డాక్టరు రోగిని చూచినట్లు చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ తెరిచినప్పుడు కొన్ని మార్పులు చేశారు. తీర్పు నచ్చనివారు కొంతకాలము పోయాక తిరిగి విచారణ అడగవచ్చు. చిక్కు సంగతులు ఒక ప్రత్యేక సభకు పోతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, పిల్లలు పెద్దవారి మీద కూడా ఫిర్యాదు చెయ్యవచ్చు.

ఆ పెద్దవారిలో మొదటివాడు ఆయనే. ఒక అర్ధ సంవత్సరములో ఐదుసార్లు ఆయన పిల్లల న్యాయస్థానము ఎదుటకు వెళ్ళారు. ఒకసారి ఒక పిల్లవాని చెవుల మీద కొట్టినందుకు. ఒకసారి ఒకణ్ణి పడకగదిలోనుండి గెంటినందుకు. ఒకసారి మూలన నిలబెట్టినందుకు. ఒకసారి న్యాయాధిపతిని అవమానించినందుకు. ఒకసారి ఒక బాలికను దొంగతనము చేసిందని అనుమానించినందుకు. ప్రతిసారీ తన సంజాయిషీ వ్రాసి ఇచ్చి, పదేండ్ల పిల్లల తీర్పు కోసము కనిపెట్టుకొని వున్నారు. పిల్లలు ఆయనను క్షమించారు. ఈ కొద్ది ఫిర్యాదులే తన చదువంతటికీ మూలమని ఆయన తరువాత వ్రాశారు. పిల్లవానిని ప్రేమిస్తున్నాను గనుక కొట్టను అంటే, ప్రేమ తగ్గిన రోజు కొడతాను అని అర్థము. కొట్టే హక్కు నాకు లేదు, కొడితే వాడు నన్ను పిలిచి అడగగలడు అన్నది వేరే సంగతి. ఇది ఆయన కనుక్కొన్న సారము.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇది మన బాప్టిస్టులకు అంత కొత్తగా తోచకూడదు. పాస్టరుగారిని పిలవాలన్నా, గుడికి సున్నము వేయించాలన్నా సభ్యుల కూటములో చేతులెత్తి తీర్మానించడము మన తాతల నాటి అలవాటు. ఆఫీసరుగారికీ ఒకటే ఓటు, గిన్నెలు తోముకొని వచ్చిన సహోదరికీ ఒకటే ఓటు. పై నుండి బిషప్పు ఆజ్ఞ రాదు. అట్టి మనము బడి గేటు దగ్గరకు వచ్చేసరికి అందరికంటే పెద్ద బిషప్పులమయిపోతున్నాము. షిలోహులో ఏలీ యాజకుని జ్ఞాపకము చేసికొనండి. రాత్రి దేవుని స్వరము విన్నవాడు బాలుడైన సమూయేలు. పొద్దున ఏలీ వానిని పిలిచి, ఏమియు దాచక చెప్పుమని బలవంతము చేశాడు. వచ్చిన మాట తన యింటి మీద తీర్పు. ముసలివాడు పిల్లవానిని గద్దించలేదు, తల వంచి విన్నాడు. ఏలీలో తప్పులు చాలా వున్నవి గాని ఆ ఒక్క ఉదయము అతడు మంచి హెడ్‌మాస్టరు.

న్యాయస్థానము తరువాత పార్లమెంటు వచ్చింది. ఇరవైమంది పిల్లల ప్రతినిధులు. సెలవులు, పండుగలు, కొత్త నియమాలు వారి ముందుకు వచ్చేవి. పిల్లల కేలెండరులో ఆయన ప్రతిపాదించిన రోజులు కొన్ని చమత్కారముగా వుంటాయి. డిసెంబరు 22న పగలు చిన్నది గనుక లేవనక్కరలేదు, ఇష్టమున్నవారు మంచము మీదనే వుండవచ్చు. జూన్ 22న రాత్రి చిన్నది గనుక పండుకొననక్కరలేదు. శనివారము నాడు ఇంటి పత్రికను అందరి ఎదుట బిగ్గరగా చదివేవారు. అదే దినము పిల్లలను బరువు తూచడము కూడా. ఎంత న్యాయాధిపతి అయినా ఆయన డాక్టరు గదా!

ఒక్క ఏర్పాటు మాత్రము నాకు మ్రింగుడు పడదు. కొత్త పిల్లవాడు వచ్చిన కొంతకాలానికి మిగిలిన పిల్లలందరూ వానిని గూర్చి ఓటు వేసేవారు. ఇష్టమా, అయిష్టమా, ఏదీ కాదా అని. దానిని బట్టి ఇంటిలో వానికి ఒక హోదా. కాలము గడిచాక మళ్ళీ ఓటు, వాడు మారితే హోదా మారుతుంది. పిల్లవాడు తన్ను తాను దిద్దుకొనడానికి అద్దము వంటిదని ఆయన ఉద్దేశము. కాని తల్లి లేని ఎనిమిదేండ్ల పిల్లకు అయిష్టము అని నలభై చీట్లు వస్తే ఆ రాత్రి దానికి నిద్ర పడుతుందా? పెద్దలమే గిట్టనివారి ఓట్లను సహించలేక సంఘములు చీల్చుకొన్నాము.

పధ్నాలుగేండ్లు నిండి బయటకు పోయిన పిల్లలలో కొందరు తిరిగి వచ్చి నిష్ఠూరమాడారు. ఇక్కడ న్యాయము నేర్పి పంపారు, బయట ఫ్యాక్టరీలో న్యాయము లేదు, మేమెట్లా బ్రదకాలి అని. దానికి ఆయన దగ్గర సరియైన జవాబు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధములో ఆయనను మళ్ళీ సైన్యములోనికి తీసుకొన్నారు. ఫిరంగుల మధ్య కూర్చొని పిల్లలను ప్రేమించడము ఎట్లాగో ఒక పుస్తకము వ్రాశారు. యుద్ధము తరువాత పోలెండు స్వతంత్ర దేశమయింది. మరియా ఫాల్స్కా అనే ఆమెతో కలిసి పోలిష్ కార్మికుల పిల్లలకు 1919లో ఇంకొక గృహము తెరిచారు. అక్కడా ఇదే పద్ధతి.

1923లో వచ్చిన ఆయన పిల్లల నవల మాచూష్ రాజు కథ నేటికీ అనేక భాషలలో చదువుతున్నారు. తండ్రి చనిపోయి చిన్నతనములోనే రాజైన మాచూష్ పిల్లలకు ఒక పార్లమెంటు ఇస్తాడు. అంతవరకు ఎవరైనా వ్రాస్తారు. తరువాతిది చూడండి. పిల్లల పార్లమెంటు ఇకమీదట పెద్దలు బడికి పోవాలని, పిల్లలు ఉద్యోగాలు చెయ్యాలని తీర్మానము చేస్తుంది. రైళ్ళు గుద్దుకొంటాయి, టెలిఫోన్లు మూగబోతాయి, శత్రువులు దేశము మీద పడతారు, మాచూష్‌ను దూర ద్వీపమునకు పంపుతారు. పిల్లలకు అధికారమిమ్మని జీవితమంతా వాదించిన మనిషి, ఆ అధికారము ఒక్కసారిగా, నేర్పకుండా, వంచకుల సలహాతో వస్తే ఏమవుతుందో పిల్లలకే కథగా చెప్పారు. అందుకే ఆయన ఇంటిలో బోర్డు ముందు వచ్చింది, ఉత్తరాల పెట్టె తరువాత వచ్చింది, పార్లమెంటు చాలా వెనుక వచ్చింది.

1926 అక్టోబరు 9న ఒక యూదుల దినపత్రికకు అనుబంధముగా పిల్లల వారపత్రిక మొదలుపెట్టారు. చిన్న సమీక్ష అని దాని పేరుకు అర్థము. వ్రాసేవారు పిల్లలే, దేశమంతటి నుండి. బడిలో ఏమి జరుగుతోంది, ఏ మాస్టరు ఎందుకు కొట్టారు, ఇంట్లో ఏమి గొడవ, అన్నీ ఉత్తరాలుగా వచ్చేవి. వ్రాతలో తప్పులున్నా ఫరవాలేదు. 1939 సెప్టెంబరు 1న, జర్మనీ సైన్యము పోలెండు మీద పడిన రోజున, దాని చివరి సంచిక వెలువడింది.

1930ల మధ్యలో ముసలి డాక్టరు అనే పేరుతో రేడియోలో పిల్లలకు మాట్లాడేవారు. దేశమంతా చెవి పెట్టి వినేది. యూదుడన్న సంగతి వినేవారికి తెలియకుండుటకే ఆ మారుపేరు. అయినా యూదులంటే గిట్టనివారి ఒత్తిడికి ఆ ప్రసంగాలు ఆపివేశారు. కొంతకాలానికి ఫాల్స్కాగారి గృహముతో కూడ ఆయన సంబంధము తెగిపోయింది. పోలెండు క్రైస్తవ దేశము, ఆదివారము గుడులు నిండే దేశము. ఇది మనము దాటవేయరాని మాట.

1940లో జర్మనులు వార్సా యూదులందరిని గోడ కట్టి లోపల పెట్టారు. క్రొఖ్మాల్నా ఇంటిని విడిచి పిల్లలు గోడ లోపలికి నడిచిన రోజున వారి బంగాళదుంపల బండిని సైనికులు లాగుకొన్నారు. ఆయన అధికారుల దగ్గరకు వెళ్ళి నిలదీశారు. చేతికి యూదుల గుర్తు కట్టుకొనడానికి ఆయన ఒప్పుకొనలేదు. పట్టుకొని కొట్టి, జైలులో పెట్టారు. తరువాత విడిపించుకొన్నారు. అప్పటికి ఆరోగ్యము చెడింది. అయినా సంచి భుజాన వేసుకొని ఇంటింటికి తిరిగి రెండువందలమందికి తిండి అడుక్కొచ్చేవారు. ఆ ఆకలి మధ్య కూడా వీలైనంత వరకు పాత పద్ధతులు సాగాయి. పనుల వంతులు, తగవుల విచారణ, వారము వారము బరువు తూచడము. బరువు తగ్గుతున్నదని తెలిసి కూడా తూచారు.

1942 జూలై 18న పిల్లలు ఒక నాటకమాడారు. మన రవీంద్రనాథ్ ఠాగూరుగారి డాక్‌ఘర్. జబ్బుపడి గదిలో బంధింపబడిన అమల్ అనే పిల్లవాడు కిటికీలోనుండి దారిన పోయేవారితో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరము కోసము ఎదురుచూచే కథ. చివరకు రాజవైద్యుడు వచ్చి కిటికీలు తెరిపిస్తాడు, పిల్లవాడు నిద్రపోతాడు. బెంగాలులో వ్రాసిన నాటకము గోడ లోపల వార్సా పిల్లలకు ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా? శాంతినికేతనము బడిలో కూడా తప్పు చేసిన పిల్లల సంగతి పిల్లల సభే విచారించేది. ఆ ఇద్దరు పెద్దలు ఒకరినొకరు చూడలేదు. ఠాగూరుగారు అంతకు ముందటి సంవత్సరమే కాలము చేశారు.

నాటకము అయిన నాలుగు రోజులకు, జూలై 22న, యూదులను రైళ్ళలో తరలించడము మొదలయింది. ఆగస్టు మొదటి వారములో ఒక ఉదయము పిల్లల వంతు వచ్చింది. ఆయనను ఒక్కరిని దాచడానికి గోడ బయటి స్నేహితులు అంతకు ముందు చాలాసార్లు ప్రయత్నించారు. ఆయన ఒప్పుకొనలేదు. పిల్లలకు శుభ్రమైన బట్టలు తొడిగి, వరుసలు కట్టించి, రమారమి రెండువందలమందిని వెంటబెట్టుకొని వీధుల వెంట స్టేషనుకు నడిచారు. స్టెఫానియా అమ్మగారు, తక్కిన టీచర్లు కూడా నడిచారు. రైలు ట్రెబ్లింకాకు పోయింది. అక్కడినుండి ఎవరూ తిరిగి రాలేదు.

ఆయన వ్రాసినవి నిలిచాయి. పిల్లల మీద దయ చూపుమని పెద్దలను బ్రతిమాలే ప్రకటనలు ఆయనకు రుచించేవి కావు. పిల్లవానికి గౌరవము హక్కు అని 1929లోనే చిన్న పుస్తకము వ్రాశారు. 1978లో ఐక్యరాజ్య సమితి ముందు బాలల హక్కుల ఒప్పందము పెట్టుమని అడిగినది ఆయన దేశమే. అది 1989 నవంబరు 20న ఆమోదము పొందింది. 1992 డిసెంబరులో మన దేశము కూడ అందులో చేరింది. దాని 12వ అధికరణము ప్రకారము తనకు సంబంధించిన సంగతులలో పిల్లవాని మాట వినవలెను. 2009లో మన విద్యాహక్కు చట్టము బడిలో కొట్టడమును నిషేధించింది. మాట వినడము ఏ చట్టముతోను అంత తొందరగా రాదు.

ట్రెబ్లింకాలో ఇప్పుడు పదిహేడు వేల రాళ్ళు నిలబెట్టి వున్నవి. అవి చనిపోయిన ఊళ్ళకు గుర్తులు, చాలా రాళ్ళ మీద ఏ వ్రాతా లేదు. మనిషి పేరు వున్న రాయి ఒక్కటే. దాని మీద యానుష్ కోర్చాక్ అని, ఆయన అసలు పేరు, ఆ ప్రక్కన పిల్లలు అని చెక్కి వున్నది.